ఆలన లేని నేలకు తోటమాలి

ఏ ఊరిలోనైనా నేల మూడు విధాలుగా ఉంటుంది. సొంతదారు కంచె వేసి కాపాడుకొనే నేల మొదటిది. ప్రభుత్వం పాఠశాలకో, కార్యాలయానికో, ఉద్యానవనానికో కేటాయించి నిర్వహించే నేల రెండవది. ఈ రెండింటికీ నడుమ, కాగితాల మీద ప్రభుత్వానిదే అయినా ఏ శాఖ వారూ కన్నెత్తి చూడని నేల మూడవది. రోడ్డు మలుపులో మిగిలిపోయిన ముక్క, కాలువ గట్టు, కూలిన ప్రహరీ వెనుక జాగా, బస్సులు ఆగే చోట చెత్త పేరుకొన్న మూల ఈ మూడవ కోవకు చెందుతాయి. అది అందరిదీ కావటం వల్లనే ఏ ఒక్కరూ తమదని భావించరు.

అటువంటి నేలను ఎవరూ పురమాయించకుండా, చాలా సందర్భాలలో ఎవరి అనుమతీ లేకుండా, శుభ్రపరచి మొక్కలు పెంచే పౌరులు ప్రపంచంలో అనేక చోట్ల ఉన్నారు. ఈ పనికి పాశ్చాత్య దేశాలలో ‘గెరిల్లా తోటపని’ అనే పేరు స్థిరపడింది. గెరిల్లా అంటే స్పానిష్ భాషలో చిన్న యుద్ధం. ఈ యుద్ధంలో ఆయుధాలు పలుగు, పార, విత్తనాలు, శత్రువు నిర్లక్ష్యం.

పైకి చిన్నదిగా కనిపించే ఈ పని వెనుక పెద్ద ప్రశ్నలున్నాయి. తనది కాని నేలను బాగుచేసే అధికారం పౌరునికి ఎక్కడ నుండి వస్తుంది? మంచి ఉద్దేశంతో నాటిన మొక్క ఎల్లప్పుడూ మంచే చేస్తుందా? బంగాళాఖాతం మధ్యనున్న అండమాన్ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్‌లో ఈ ప్రశ్నలు మరింత సూటిగా ఎదురవుతాయి. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. చరిత్ర ప్రస్తావన అధికంగా ఉన్నందున ఈ వ్యాసంలో పాత పేరే వాడబడింది. పట్టణం సంగతికి వచ్చే ముందు ఈ ఉద్యమం పూర్వాపరాలను, మన దేశంలో దానికి సాటివచ్చే ఉదాహరణలను పరిశీలించటం అవసరం.

పేరు వెనుక కథ

1970 దశకం ఆరంభంలో న్యూయార్క్ నగరం ఆర్థికంగా చితికిపోయి ఉన్నది. పేదలు నివసించే పేటలలో పాడుబడిన భవనాలు కూలి, ఖాళీ స్థలాలు చెత్తకుప్పలుగా మారాయి. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు బవరీ, హ్యూస్టన్ వీధుల కూడలిలోని అటువంటి ఒక స్థలాన్ని ఎంచుకొన్నారు. చెత్త ఎత్తివేసి, మట్టి మోసుకొని వచ్చి, మళ్లు కట్టి, పూలమొక్కలు, కూరగాయలు, చెట్లు పెంచారు. తమ బృందానికి ‘గ్రీన్ గెరిల్లాస్’ అని పేరు పెట్టుకొన్నారు. లోపలికి పోవటానికి వీలులేని స్థలాలలోకి విత్తనాలు, ఎరువు నింపిన చిన్న ఉండలను కంచెల మీదుగా విసిరేవారు.

మరుసటి సంవత్సరమే, అంటే 1974లో, నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెపై వారికి ఇవ్వటానికి అంగీకరించింది. అనుమతి లేకుండా మొదలైన పని, ఫలితం కంటికి కనిపించిన తరువాత, అనుమతి పొందిన పనిగా మారింది. లిజ్ క్రిస్టీ 1985లో మరణించినా ఆమె పేరు ధరించిన ఆ తోట నిలిచి ఉన్నది.

విత్తనాలను ఉండలుగా చేసి చల్లే పద్ధతికి ప్రాచ్య దేశాలలో మరొక మూలం కలదు. జపాన్‌కు చెందిన ప్రకృతి వ్యవసాయవేత్త మసనోబు ఫుకువోకా, విత్తనాలను బంకమట్టిలో పొదిగి ఆరబెట్టి పొలంలో వెదజల్లే విధానాన్ని ప్రచారం చేశారు. మట్టిపొర వల్ల పక్షులు, చీమలు విత్తనాన్ని తినివేయవు. వాన పడి మట్టి నానినప్పుడే మొలక వస్తుంది. ఆయనకు 1988లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. తెలుగునాట నేడు పాఠశాల విద్యార్థులు తొలకరికి ముందు తయారుచేసే ‘విత్తన బంతులు’ ఈ కోవలోనివే.

పేరు లేకుండానే జరిగిన పని

భారతదేశంలో ఈ పని ఏ పేరూ పెట్టుకోకుండానే జరిగింది. దేశవిభజన సమయంలో పశ్చిమ పంజాబు నుండి తరలివచ్చిన నేక్ చంద్, చండీగఢ్ నగర నిర్మాణ కాలంలో రోడ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవారు. 1950 దశకం చివరి నుండి ఆయన ఊరి అంచున ప్రభుత్వ అధీనంలోని అడవి భాగంలో, విరిగిన గాజులు, పింగాణీ పెంకులు, పనికిరాని ఇటుకలు, రాళ్లతో రహస్యంగా ఒక లోకాన్ని నిర్మిస్తూ పోయారు. 1970 దశకం మధ్యలో అధికారులు దానిని కనుగొన్నారు. చట్టప్రకారం కూల్చివేయవలసిన ఆ నిర్మాణాన్ని ప్రభుత్వం కాపాడి, 1976లో ప్రజలకు తెరచి, ఆయననే దాని బాధ్యుడిగా నియమించింది. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అది మొక్కల కన్న శిల్పాల తోట అయినప్పటికీ, ఎవరూ పట్టించుకొనని నేలను ఒక మనిషి శ్రమ ఏ విధంగా మార్చగలదో చూపిన ఉదాహరణ.

కర్ణాటకలోని హులికల్ గ్రామానికి చెందిన తిమ్మక్క, భర్త చిక్కయ్యతో కలిసి హులికల్–కూడూరు రోడ్డు పక్కన 385 మర్రిచెట్లు పెంచారు. ఎండలో బిందెలతో నీరు మోసి పోసిన ఆ దంపతులు వాటిని తమ బిడ్డలుగా భావించారు. కన్నడిగులు ఆమెను ‘సాలుమరద తిమ్మక్క’ అని పిలిచారు. కన్నడంలో ‘సాలుమర’ అంటే వరుసలో ఉన్న చెట్లు. నాగలి ‘సాలు’ ఎరిగిన తెలుగు రైతుకు ఆ మాట పరాయిది కాదు. 2019లో ఆమె పద్మశ్రీ స్వీకరించారు. ఆ సంవత్సరమే రోడ్డు విస్తరణ ప్రతిపాదన వల్ల ఆ చెట్లకు ముప్పు వచ్చినప్పుడు వాటిని కాపాడవలసిందిగా ఆమె స్వయంగా ముఖ్యమంత్రిని అభ్యర్థించవలసి వచ్చింది. చెట్టు ఎంత పెద్దదైనా దాని కింది నేలకు నాటిన వారు హక్కుదారులు కారని ఈ సంఘటన గుర్తుచేస్తుంది. తిమ్మక్క 2025 నవంబరులో పరమపదించారు.

తెలుగువారికి ఈ విషయంలో తలచుకోదగిన పేరు దరిపల్లి రామయ్య. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి గ్రామానికి చెందిన ఆయనను ప్రజలు ‘వనజీవి’ అని గౌరవించారు. ఆయన తోట ఒక చోట లేదు. కాలువ గట్లు, రోడ్డు పక్కలు, బంజరు దిబ్బలు, గుడి ఆవరణలు, బడి ఆవరణలు – ఖాళీ కనిపించిన ప్రతిచోటా ఆయన మొక్క నాటేవారు లేదా విత్తనం వేసేవారు. జేబుల నిండా విత్తనాలు, వాహనం మీద మొక్కలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక – ఆయన రూపం ఖమ్మం ప్రాంతంలో అందరూ ఎరిగినదే. పారవేసిన రేకుల మీద, పాత చక్రాల మీద రంగులతో చెట్ల నినాదాలు రాసి ఊరూరా ప్రదర్శించేవారు. భార్య జానమ్మ ఆయనకు తోడు నిలిచారు. కోటికి పైగా మొక్కలు నాటినట్లు ప్రసిద్ధి పొందిన రామయ్యకు 2017లో పద్మశ్రీ లభించింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

ఈ ముగ్గురిలో ఒకరు చిరుద్యోగి, ఒకరు కూలి పని చేసుకొన్న స్త్రీ, ఒకరు గ్రామీణుడు. ముగ్గురి భాషలు వేరు, ప్రాంతాలు వేరు. ఏ ఒక్కరూ ఆ నేలను తమదిగా చేసుకొనలేదు. దాని పని మాత్రం తమదిగా చేసుకొన్నారు. ఒక పూట ఉత్సాహంతో ఆపక, దశాబ్దాల తరబడి కొనసాగించటం వారిలో సమానంగా కనిపించే గుణం.

పోర్ట్ బ్లెయిర్ నేల చెప్పే పాఠాలు

ఇక పోర్ట్ బ్లెయిర్‌ను పరిశీలించినప్పుడు అక్కడి పరిస్థితి ఖమ్మం కన్న, చండీగఢ్ కన్న భిన్నమైనదని తెలుస్తుంది. మే నెలలో నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట అడుగుపెట్టేది ఈ దీవులలోనే. సంవత్సరానికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ కొండ వాలు పట్టణంలో ఖాళీ నేల చాలాకాలం ఖాళీగా ఉండదు. మనిషి నాటకపోతే ప్రకృతి నాటుతుంది.

ఇందుకు తొలి సాక్ష్యం రేవుకు ఎదురుగా ఉన్న రాస్ దీవి. 2018 డిసెంబరులో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. బ్రిటిష్ పాలనలో అది అండమాన్ పాలనా కేంద్రం. 1941 జూన్ 26న సంభవించిన భూకంపంలో కట్టడాలు దెబ్బతిన్నాయి. 1942 మార్చిలో జపాన్ సైన్యం దీవులను ఆక్రమించింది. పాలనా కేంద్రం మళ్లీ అక్కడికి తిరిగి రాలేదు. పక్షులు విడిచిన గింజల నుండి మొలిచిన మర్రి జాతి చెట్లు క్రమంగా చర్చిని, అధికారుల నివాసాలను వేళ్లతో చుట్టివేశాయి. నేడు సందర్శకులు చూసేది ఆ వేళ్లు పట్టి నిలిపిన గోడలనే.

రెండవ సాక్ష్యం పట్టణ సమీపంలోని సిప్పిఘాట్. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు భూమి సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పిఘాట్ పొలాలలోకి పోటు సమయంలో సముద్రపు నీరు చేరి వ్యవసాయం సాగని స్థితి ఏర్పడింది. పాడైపోయిన నేలగా మనుషులు భావించిన ఆ ఉప్పు నీటిలో కొంతకాలానికి మడ మొక్కలు వేళ్లూనటం ప్రారంభించాయి.

మూడవది మనుషులు పూనుకొని చేసిన పని. ఒకనాడు పట్టణానికి తాగునీటి ఆధారమైన దిల్తమన్ చెరువు పరిసరాలను ఉద్యానంగా తీర్చి గాంధీ పార్కు అని పేరు పెట్టారు. ఈ మార్పు 13 రోజులలో జరిగినట్లు పర్యాటక సమాచారం చెబుతుంది. ఇది ప్రభుత్వం చేసిన పని కనుక గెరిల్లా తోటపని కాదు. కాని సంకల్పం ఉన్నప్పుడు ఉపేక్షిత స్థలం ఎంత త్వరగా రూపు మారుతుందో తెలుపుతున్నది.

మొదటి రెండు సాక్ష్యాలు తోటమాలికి ఒక ముఖ్య విషయం బోధిస్తాయి. ఈ దీవులలో పచ్చదనం కొరత కాదు. కనుక ఇక్కడ ఎన్ని మొక్కలు నాటారన్న లెక్క కన్న ఏ మొక్క నాటారన్నది ముఖ్యం.

ఏ మొక్క?

అందం కోసం, అవసరం కోసం బయటి నుండి తెచ్చిన ప్రాణులు దీవులలో పెద్ద చిక్కులు కలిగించాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జపాన్ ఆక్రమణ సమయంలో చేరిన ఆఫ్రికా పెద్ద నత్త నేటికీ కూరగాయల తోటలకు బెడద. బ్రిటిష్ వారు వేట కోసం తెచ్చిన చుక్కల దుప్పి, తినే జంతువు లేకపోవటంతో విస్తరించి అడవిలో లేత మొక్కలను పెరగనివ్వటం లేదు. ప్రధాన భూభాగం నుండి కుండీతో, వేరు మట్టితో తెచ్చే ఒక్క పూలమొక్కతో కూడా పురుగులు, గుడ్లు, కలుపు గింజలు రావచ్చు. నాటేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. నత్తకు ఆ సంగతి తెలియదు.

ఈ పొరపాటు కేవలం స్వచ్ఛంద సేవకులదే కాదు. 19వ శతాబ్దపు చివరి భాగంలో మెట్ట ప్రాంతాలను పచ్చగా మార్చాలని విదేశాల నుండి తెచ్చి నాటిన ముళ్ల చెట్టు తెలుగు సీమలో చెరువులను, బంజర్లను కమ్మివేసింది. దానిని రైతులు ‘సర్కారు తుమ్మ’ అంటారు. నాటినది ఎవరో ఆ పేరే చెబుతున్నది. ఇటీవలి కాలంలో నగరాల రోడ్ల మధ్య విరివిగా పెంచిన కోనోకార్పస్ మొక్కను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించవలసి వచ్చింది.

అయితే దీవులకు తగిన స్వదేశీ వృక్షాలకు లోటు లేదు. పడౌక్ అండమాన్ రాష్ట్రవృక్షం. అది శేషాచలం కొండల ఎర్రచందనానికి, తెలుగు అడవులలోని వేగిసకు దగ్గరి చుట్టం. మూడూ ఒకే వృక్షప్రజాతికి చెందినవి. ఊదారంగు పూలు పూసే అండమాన్ పిన్మా రాష్ట్రపుష్పం. కొండ వాలులకు, విశాలమైన జాగాలకు ఇవి తగినవి. తీరం వెంబడి పొన్న, గంగరావి, మొగలి సహజంగా పెరుగుతాయి. వీటి పేర్లు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలోని ఏ మత్స్యకారుని అడిగినా చెబుతాడు. పొన్న కాయలు, గంగరావి కాయలు సముద్రంపై తేలుతూ, ఉప్పునీటిలో చెడక, దూరతీరాలకు చేరి మొలకెత్తగలవు. నౌకలు రాకముందే ఈ చెట్లు ఒక తీరం నుండి మరొక తీరానికి ప్రయాణించాయి. ఆ తీరాన అవి పరాయివి కావు, ఈ తీరాన కూడా కావు.

ఎవరి నేల?

పోర్ట్ బ్లెయిర్ జనసమాజం కూడా ఆ విధంగా సముద్రం దాటి వచ్చినదే. 1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల వలసను స్థాపించింది. తరువాతి కాలంలో సెల్యులార్ జైలు స్వాతంత్ర్య యోధులను బంధించింది. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు బెంగాలు నుండి శరణార్థులు, తమిళ, కేరళ ప్రాంతాల వారు, రాంచీ ప్రాంత శ్రామికులు, ఉత్తరాంధ్ర నుండి మత్స్యకారులు, కూలీలు వచ్చి స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. హిందీ అందరినీ కలిపే వాడుక భాష.

ఇంతమంది తాతల ఊళ్లు వేరే చోట ఉన్న పట్టణంలో ‘ఈ నేల మాది’ అన్న భావం వారసత్వంగా రాదు. అది పని ద్వారా రావలసి ఉన్నది. బెంగాలీ ఇంటివారు, తెలుగు ఇంటివారు, తమిళ ఇంటివారు కలిసి తమ వీధి మలుపులోని చెత్తను తొలగించి ఒక గంగరావిని బతికించినప్పుడు, ఆ మలుపు ముగ్గురికీ సొంత ఊరు అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాళీగా కనిపించే నేల ఎల్లప్పుడూ ఖాళీ కాదు. 1858లో వచ్చినవారు అడవిని ఎవరికీ చెందని భూమిగా భావించారు. అది గ్రేట్ అండమానీ ప్రజల భూమి. 1859 మేలో అబర్డీన్ వద్ద వారు విల్లంబులతో పోరాడారు. పోరాటంలోను, తరువాత బయటివారితో వచ్చిన వ్యాధులవల్లను ఆ జాతి క్షీణించి, నేడు కొద్దిమంది మాత్రమే మిగిలారు. ఆ చరిత్ర ఎరిగినవారు ఏ చిన్న స్థలంలో పార దించే ముందైనా ఆగి విచారిస్తారు. మలుపులోని జాగాలో వల ఆరవేసుకొనే కుటుంబం ఉండవచ్చు; వారం వారం కూరలు అమ్ముకొనే స్త్రీ ఉండవచ్చు; పిల్లలు ఆడుకొనే చోటు కావచ్చు. వారిని తొలగించి పూలు పెంచటం సౌందర్యం అనిపించుకోదు. మొదట మాట్లాడవలసింది వారితోనే. అధికారుల అనుమతి కన్న ముందు పొందవలసిన అనుమతి అది.

నాటిన తరువాత

అధికారుల అనుమతి అక్కరలేదని దీని అర్థం కాదు. న్యూయార్క్ తోట అద్దె ఒప్పందం వల్ల నిలిచింది. నేక్ చంద్ నిర్మాణం ప్రభుత్వ ఆదరణ వల్ల మిగిలింది. తిమ్మక్క చెట్లకు ఆమె కీర్తి కవచమైంది. సామాన్యుడు నాటిన చెట్టుకు ఆ కవచం ఉండదు. కనుక పాఠశాల, కళాశాల విద్యార్థులు ఒక స్థలాన్ని ఎంచుకొన్నప్పుడు ఉపాధ్యాయుల ద్వారా పురపాలక సంఘానికి తెలియజేసి ఒక లేఖ పొందటం ఉత్తమం. భూగర్భంలో నీటి గొట్టం, విద్యుత్ తీగ ఉన్నవా, రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉన్నదా అన్న విషయాలు కూడా అప్పుడే తెలుస్తాయి. అటవీ శాఖ నర్సరీలలో స్థానిక మొక్కలను గురించి విచారించవచ్చు. 1972 నుండి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఏ మొక్క స్థానికమో, ఏది కాదో తెలుసుకొనేందుకు ఆధారం.

నాటే కాలం తొలకరి. మే చివర నుండి డిసెంబరు వరకు ఆకాశమే నీరు పోస్తుంది. అసలు పరీక్ష జనవరి నుండి ఏప్రిల్ వరకు. అప్పుడు పట్టణంలో తాగునీటికే కొరత ఏర్పడుతుంది; నీటి కోసం ధనికారి జలాశయం వైపు చూడవలసి వస్తుంది. ఇంట్లో బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మొక్కకు చేర్చే అలవాటు ఆ నాలుగు నెలలలో ప్రాణాధారం. కొబ్బరి పీచు, ఎండుటాకులు మొదలు చుట్టూ పరచితే తేమ నిలుస్తుంది. అలంకరణ కోసం పాత టైర్లు, డబ్బాలు పెట్టేవారు వాటి అడుగున రంధ్రాలు చేయాలి. లేనిచో వాననీరు నిలిచి డెంగీ దోమలకు నిలయమవుతుంది. కొండ వాలులో గడ్డిని పూర్తిగా చెక్కివేసి గుంటలు తవ్వితే మొదటి జడివానకే మట్టి కొట్టుకొనిపోతుంది. గుంట మేరకే శుభ్రపరచి, మిగిలిన గడ్డిని ఉంచాలి. నత్తలను సాయంత్రం వేళ చేతి తొడుగులతో ఏరివేయటం మంచిది.

నాటినరోజు గుంపుగా వచ్చేవారు చాలామంది ఉంటారు. మార్చి నెలలో బిందె పట్టుకొని వచ్చేవారి పేర్లు ముందుగానే రాసి పెట్టుకోవాలి. ఒక తరగతి విద్యార్థులు ఉత్తీర్ణులై వెళ్లినప్పుడు తరువాతి తరగతికి ఆ మొక్కలను లెక్కతో అప్పగించే పద్ధతి ఉంటే, ఎవరి చదువు ముగిసినా తోట ముగియదు. నూరు మొక్కలు నాటి తొంభై ఎండబెట్టిన పాఠశాల కన్న, ఐదు నాటి ఐదింటినీ మూడు వేసవులు దాటించిన పాఠశాల ఆ వీధికి ఎక్కువ మేలు చేసినట్లు.

ఆ విధంగా దాటిన పొన్న చెట్టుకు తరువాత ఎవరూ నీరు పోయనక్కరలేదు. దాని నీడలో బస్సు కోసం నిలుచున్న ప్రయాణికులు ఏ భాష మాట్లాడేవారైనా, అది ఎవరు నాటారని అడగకుండానే కూర్చుంటారు.